జబ్బ నాది, పీజీ వాళ్లది

పిల్లల చదువుల మీద సలహా ఇచ్చే అధికారం మా ఇంట్లో నాకెవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. జలవనరుల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. కాగితం కనబడితే కింద రెండు ముక్కలు నోటు రాయకుండా నా చెయ్యి ఊరుకోదు. అలాంటివాడి ఇంట్లో ఒకే ఏడాది రెండు పీజీ ఫైళ్లు తెరుచుకున్నాయి. ఒకటి మా అమ్మాయిది. నాలుగేళ్ల చదువూ ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్పూ కలిపి బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. రెండోది మా తోడల్లుడి కూతురిది. ఆ పిల్ల కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో, కేంద్ర ప్రభుత్వం వారి పునరావాస సంస్థలో బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చదివింది. మన వైపు బీపీటీ కాలేజీలు కనిపించినంతగా బీఓటీ కాలేజీలు కనిపించవు కాబట్టి అంత దూరం వెళ్లింది. ఎంట్రన్సులకు చదువుకోవడానికి గుంటూరులో మా ఇంట్లో దిగింది.

ఫిజియోథెరపీకీ ఆక్యుపేషనల్ థెరపీకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, "ఒకటి కాళ్లకి, ఒకటి చేతులకి" అని చెప్పేవాణ్ణి. ఇద్దరు పిల్లలూ వినేట్టుగానే చెప్పేవాణ్ణి. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకునేవారు. ఒప్పుకున్నారనుకునేవాణ్ణి.

పెళ్లిళ్లలో మా అమ్మాయిని "డాక్టరు చదువుతోంది" అని పరిచయం చేయడం నాకలవాటు. "ఏ డాక్టరండీ?" అని తవ్వేవాళ్లకి "ఎముకల వైపు" అనేవాణ్ణి. ఇంకా తవ్వితే పెరుగన్నం వైపు వెళ్లిపోయేవాణ్ణి. 2025లో ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ వారి కొత్త పాఠ్యప్రణాళికలో, ఫిజియోథెరపిస్టులు పేరు ముందు "డా." అనీ వెనక "పీటీ" అనీ పెట్టుకోవచ్చన్న మాట ఉందని తెలిసిన రోజే వెళ్లి బోర్డు రాయించాను. అప్పటికింకా అమ్మాయి ఇంటర్న్‌షిప్పు సగంలో ఉంది. పేరు ముందు "డా.", వెనక "పీటీ", కింద ఫలానావారి కుమార్తె అని నా పేరు, దాని కింద నా హోదా, ఆ పక్కన చిన్న అక్షరాల్లో రిటైర్డ్ అని. "బోర్డు పిల్లదా, మీదా?" అని అడిగింది మా ఆవిడ. పెయింటరు అక్షరానికింతని లెక్కగట్టి తీసుకున్నాడు, డబ్బు నాది, అక్షరాలూ నావే ఎక్కువుంటాయి అన్నాను.

ఆ సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం. బంధువుల గ్రూపులన్నిటిలోనూ పూలగుత్తులతో సహా శుభాకాంక్షలు గుమ్మరించాను. మర్నాడు ఢిల్లీలోని ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి ఉత్తరం వచ్చింది, ఫిజియోథెరపిస్టులు "డా." వాడకూడదని. మా ఆవిడ చేత బోర్డు అటకెక్కించాను. ఆ మర్నాడు, అంటే 10న, మరికొంత పరిశీలించాల్సి ఉందంటూ ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నారు. నా సర్వీసు మొత్తంలో ఒక సర్కారు కాగితం అంత వేగంగా కదలడం నేను చూడలేదు. ఆ సంబరంలో మా ఆవిణ్ణి కూడా పిలవకుండా స్టూలెక్కి, బోర్డు కోసం కుడిచెయ్యి పైకెత్తాను. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

నిజానికి ఆ జబ్బ అప్పటికి చాన్నాళ్లుగా నొప్పి పెడుతోంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతున్నాను. ఇంట్లో పట్టా చేతికి రాబోతున్న ఫిజియోథెరపిస్టు తిరుగుతుండగా, వీధి చివర మెడికల్ షాపు కుర్రాణ్ణి అడిగి ఆయింట్‌మెంటు తెచ్చుకుని చాటుగా రాసుకుంటున్నాను. కూతురికి చెబితే వ్యాయామం అంటుందని భయం.

మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. బోర్డు వైపు చూడను కూడా చూడలేదు. నన్ను దింపి, కూర్చోబెట్టి, మోచెయ్యి నడుముకి ఆనించి అరచేతిని బయటికి తిప్పమంది. తిరగలేదు. తనే పట్టుకుని తిప్పబోయింది. అప్పుడూ తిరగలేదు. "నువ్వు కదపలేక, నేను కదిపితే కదిలితే గొడవ కండరానిదో నరానిదో అనుకోవచ్చు నాన్నా. ఎవరు కదిపినా కదలకపోతే గొడవ కీలుది" అంది. కీలు చుట్టూ ఉండే తొడుగు గట్టిపడి బిగుసుకుపోవడాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారట. సుగరున్నవాళ్లకి ఎక్కువగా వస్తుందట. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా సడలడం. మొత్తం మీద కొందరికి ఏడాది, కొందరికి రెండు మూడేళ్లు. నేను నమ్మలేదు. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి ఆ మాటే చెప్పి ఫీజు తీసుకున్నారు. అప్పుడు నమ్మాను.

ఇక వ్యాయామాలు. ముందుకు వంగి చెయ్యి వేలాడేసి గుండ్రంగా ఊపడం. తువ్వాలు వీపు వెనక పట్టుకుని పైచేత్తో కిందిచేతిని లాగడం. అన్నిటికన్నా ఘోరం గోడ. గోడకెదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించాలి, ఎక్కడిదాకా వెళితే అక్కడ పెన్సిలు గీత పెట్టాలి. పక్కనే ఒక చార్టు అంటించింది, పూటపూటకీ టిక్కు పెట్టమని. టిక్కు పెట్టడంలో నాకు మూడు దశాబ్దాల అనుభవం ఉంది. స్థలానికి వెళ్లకుండా తనిఖీ రిపోర్టులు రాసిన శాఖలో పనిచేశాను. టిక్కులన్నీ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఒకేసారి, అనుమానం రాకుండా రెండు రంగుల పెన్నులతో పెట్టేసేవాణ్ణి. గోడమీద గీతలు కూడా వారం వారం పైకి పోతున్నాయి. మడమలు కాస్త ఎత్తితే గీత తప్పకుండా పైకి పోతుంది.

మా అమ్మాయి ఆ గీతలు చూసి మెచ్చుకుంది. మెచ్చుకుని, నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు రేకులున్న కోణమానిని తీసింది. గోనియోమీటరు అంటారట దాన్ని. పడుకున్నవాడు మడమలెత్తి ఏం చేస్తాడు? కోణం మొదటి రోజు ఎంతుందో అంతే ఉంది. "గోడమీద తొంభై దాటి పోయావు, మంచం మీద అక్కడే ఉన్నావు. ఇంట్లో నీకు రెండు భుజాలున్నాయా నాన్నా?" అంది. చార్టు చించి అవతల పారేసింది.

ఇవన్నీ చూస్తూ కూర్చుంది మా తోడల్లుడి కూతురు. ఆ పిల్ల నా జబ్బ ముట్టుకోలేదు. పొద్దున లేచింది మొదలు నేనేం చేస్తున్నానో చూసింది. బనియను వేసుకునేటప్పుడు ఏ చెయ్యి ముందు పెడుతున్నాను, ప్యాంటు వెనక జేబులోంచి పర్సు ఎలా తీస్తున్నాను, వీపు రుద్దుకోవడానికి ఎవర్ని పిలుస్తున్నాను, ఎడమచేత్తో ఏమేం కానిచ్చేస్తున్నాను, అన్నీ రాసుకుంది. నా మీద నోట్ ఫైలు తయారవుతోందని తెలిసి కొంచెం గర్వపడ్డాను కూడా. సాయంత్రం తీర్పు చెప్పింది. "పెదనాన్నా, చొక్కా వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు తొడగండి, విప్పేటప్పుడు చివర తియ్యండి." ఆ ఒక్క మాటతో నా పొద్దుటిపూట కేకలు సగం తగ్గాయి. ఇన్నాళ్లూ ఆ కేకలు విన్న మా ఆవిడ, ఈ పిల్లకి అప్పుడే పీజీ ఇచ్చెయ్యొచ్చు అంది.

తర్వాత ఆ పిల్ల జంతికల డబ్బా సంగతి చూసింది. వంటింట్లో కింది అరలో ఉండే ఆ డబ్బాని నా ఛాతీ ఎత్తులో ఉన్న అరలో పెట్టింది. చిన్న డబ్బా తీసేసి, ఒక చేత్తో దించడానికి వీల్లేని పెద్ద స్టీలు డబ్బా పెట్టింది. కొన్నాళ్లకొకసారి ఒక అర పైకి జరుపుతానంది. వ్యాయామం ఎగ్గొట్టగలను గానీ జంతికలు ఎగ్గొట్టలేనని ఒక్క రోజులో కనిపెట్టింది. మా ఆవిడ నా సుగరు సంగతి ఎత్తితే, జంతికలు తీసి వేయించిన వేరుశనగపప్పు పోసింది. డబ్బా ఎత్తు మాత్రం తగ్గించలేదు. మనిషికి కావలసిన పనినే మందుగా చెయ్యడం వాళ్ల విద్యట. మా అమ్మాయి మాత్రం, కీలు తొడుగు సాగదీయకుండా డబ్బాలు ఎంత పైకి జరిపినా లాభం లేదని వాదించింది. ఇద్దరూ రాత్రి భోజనాల దగ్గర నా భుజం గురించి, నేను ఊళ్లో లేనట్టు వాదించుకునేవాళ్లు.

ఈ లోపల నేను చేయాల్సింది చేస్తున్నాను. పీజీ ఫైళ్ల మీద నోట్లు రాస్తున్నాను.

మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు. ఫిజియోథెరపీతో అతనికున్న సంబంధమల్లా అతని నడుంనొప్పి. "బావా, ఇక్కడ ఫిజియో అంటేనే డాక్టరేటు. డీపీటీ. డాక్టరని పిలిస్తే ఎవడూ ఉత్తరం రాయడు" అన్నాడు ఫోన్లో. ఆ చివరి మాట నా గుండెకి తగిలింది. వాకబు చేస్తే నిజమే. 1993లో క్రైటన్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ఈ చదువు క్రమంగా అన్ని చోట్లకీ పాకి, 2016 నాటికి అమెరికాలో చదివి కొత్తగా ఫిజియోథెరపిస్టు కావాలంటే మూడేళ్ల డీపీటీ తప్ప వేరే దారి లేకుండా పోయింది. అప్పు ఎంతవుతుందో లెక్కవేయడానికి ముందే బంధువుల గ్రూపులో సూచనప్రాయంగా ఒక మెసేజి పెట్టేశాను.

"నాన్నా, డీపీటీ అక్కడివాళ్లకి మొదటి మెట్టు. ఆ మెట్టు నేనిక్కడ బీపీటీతో ఎక్కాను. మళ్లీ కిందకి దిగి అనాటమీ నుంచి ఎక్కమంటావా?" అంది అమ్మాయి. వేరే దారి ఉందట. మన బీపీటీని అక్కడి చదువుతో సబ్జెక్టు సబ్జెక్టుగా తూచి, తక్కువైన క్రెడిట్లు పూడ్చుకుని, ఇంగ్లీషు పరీక్ష, ఆపైన ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష. లైసెన్సు కూడా దేశానికంతటికీ ఒకటి కాదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. ఇక్కడ ఎంపీటీ అనే పీజీ చేస్తే అది ఆ తూకంలో కొంత పనికి రావచ్చు. లైసెన్సు వచ్చాక, డాక్టరు అనిపించుకోవాలన్న సరదా ఇంకా మిగిలుంటే ట్రాన్సిషనల్ డీపీటీ అని ఒకటుంది, పనిచేసుకుంటూ చదవొచ్చు. "సరదా నాది కాదనుకో" అని కూడా అంది.

ఆ తూకానికి పంపాల్సిన కాగితాల దగ్గర నాకు ఇంకో బెంగ పట్టుకుంది. మన విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో పేరు మారింది, 2024లో మళ్లీ పాత పేరొచ్చింది. మొదట ఎన్టీఆర్, నడుమ వైఎస్సార్, చివర మళ్లీ ఎన్టీఆర్. "మూడు యూనివర్సిటీలు మారిన పిల్ల అనుకోరూ?" అని విచారించాను. "రెండే నాన్నా, ఒకటి తిరిగొచ్చింది" అంది.

బ్రిటన్ సంగతి త్వరగానే తేలిపోయింది. ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీకి ఫారం తీశాడు. నేను సంతకానికి పెన్ను కూడా తీశాను. అది వేరే డిగ్రీ చదివినవాళ్లు ఫిజియో కావడానికి పెట్టిన కోర్సని మా అమ్మాయి ఆ కుర్రాడికి పాఠం చెప్పాల్సి వచ్చింది. ఫిజియో చదివి వెళ్లేవాళ్లు అక్కడి హెచ్‌సీపీసీలో నేరుగా రిజిస్ట్రేషనుకి పెట్టుకుని, పైచదువుకి వేరే ఎమ్మెస్సీ చేస్తారట. కుర్రాడు నిదానంగా విని, ఆ పాయింటు రాసుకుని, కన్సల్టేషన్ ఫీజు మాత్రం మా దగ్గరే తీసుకున్నాడు.

తోడల్లుడి కూతురి ఫైల్లో ఇంకో చిక్కు. ఆక్యుపేషనల్ థెరపీలో అడుగుపెట్టడానికి అమెరికాలో మాస్టర్సు చాలు, డాక్టరేటూ చేయొచ్చు. 2027 నుంచి డాక్టరేటే ఉండాలని 2017లో వాళ్ల గుర్తింపు మండలి ప్రకటించింది. తర్వాత ఆ ప్రకటనా వెనక్కి పోయింది, రెండు దారులూ ఉంచారు. ఉత్తరాలు వెనక్కి తీసుకోవడం ఒక్క ఢిల్లీ గుణమే కాదన్నమాట. "వీళ్లు తేల్చుకునేలోగా ఇక్కడే ఎంఓటీ చెయ్యమ్మా" అని నోటు రాశాను. ఆ పిల్ల మనసులో ఎప్పట్నుంచో ఉన్నది అదే కావడం వల్ల నా సలహాల్లో ఇదొక్కటే పాటించబడింది. ఓలట్‌పూర్, మణిపాల్, ముంబయి కేఈఎం. ముంబయి పేరెత్తినప్పుడు ఆ పిల్ల కళ్లు మెరిసేవి. కమలా నింబ్కర్ అని అమెరికాలో పుట్టి మరాఠీ ఇంటి కోడలైన ఆవిడ, 1950లో ఈ విద్యకి మన దేశంలో మొదటి బడి పెట్టింది అక్కడేనట. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్యని మొదలెట్టిన పది దేశాల్లో మనదీ ఒకటట. నేను "చేతులకి" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చదువు అది.

ఎంపీటీలో ఏ శాఖ అన్న దగ్గర నేను గట్టిగా పట్టుబట్టాను. ఆర్థో. మస్క్యులోస్కెలిటల్ అనాలట ఇప్పుడు. "గుంటూరులో మోకాళ్ల నొప్పి లేని ఇల్లొకటి చూపించు, నా పేరు మార్చుకుంటాను" అన్నాను. అది కాకపోతే స్పోర్ట్స్, క్రికెటర్ల పక్కన టీవీలో కనిపించవచ్చు. గుండె, ఊపిరితిత్తుల శాఖ అంటే ఐసీయూలో పని, అక్కడ చుట్టాలకి బోర్డు కనబడదు. న్యూరో అంటే పక్షవాతాలు, వెన్నుపూస దెబ్బలు. నెలల తరబడి చేసినా ఫలితం వేలెడు కనబడుతుంది. అదెందుకు? రెండేళ్లలో డిసర్టేషన్ కూడా రాయాలంటే, రిటైరైన ఉద్యోగుల భుజాల మీద రాయి, మనిషిని నేనున్నానన్నాను. "పరిశోధనలో మనిషి చెప్పింది నిజమయ్యుండాలి నాన్నా" అంది.

మా అమ్మకి నిరుడు పక్షవాతం వచ్చింది. కుడివైపు. మా అమ్మాయి ఆవిణ్ణి కుర్చీలోంచి లేపడం దగ్గర మొదలుపెట్టింది. బలహీనమైన కాలి మీద బరువు వేయించి, గోడవారగా నాలుగడుగులు వేయించి, నెలల మీద వంటింటి గుమ్మం దాకా నడిపించింది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్లో కొలిచేది. పన్నెండు సెకన్లు దాటితే పడిపోయే భయం ఉన్నట్టట. మా అమ్మ మొదట్లో దానికి ఎన్నో రెట్లు తీసుకునేది. అయినా "మళ్లీ కొలువు" అనేది.

అన్నం మాత్రం నేనే పెట్టేవాణ్ణి. చెంచాతో, రెండు పూటలా. వీధిలో వాళ్లు చూసి, కొడుకంటే నువ్వేనయ్యా అనేవారు. తలుపు కాస్త తీసే పెట్టేవాణ్ణి. తోడల్లుడి కూతురు వచ్చిన రెండో రోజే, "పెదనాన్నా, మీరు పెట్టడం మానెయ్యండి" అంది. నాకు కోపం వచ్చింది. బామ్మగారికి ఏం కావాలో అడిగారా అంది. అడగలేదు. ఆ పిల్ల అడిగింది. "నా చేత్తో పప్పన్నం కలుపుకుని తినాలమ్మా" అంది మా అమ్మ. అంచులు ఎత్తుగా ఉన్న కంచం ఒకటి వెతికించి, అది జారకుండా కింద తడిగుడ్డ వేసి, మెత్తగా వండిన అన్నం కొంచెమే పెట్టి, వేళ్లు ఎలా దగ్గరికి తేవాలో పక్కన కూర్చుని చూపించింది. ముద్ద సగం ఒళ్లో పడేది. మా అమ్మ తిట్టుకునేది, మళ్లీ కలిపేది. కొన్నాళ్లకి ముద్ద నోటికి చేరింది. మా అమ్మకి ఎనభై రెండేళ్లు. ఎవరూ టిక్కులు పెట్టమనలేదు ఆవిణ్ణి.

నడిపించింది ఒకరు, తినిపించకుండా తినేట్టు చేసింది ఇంకొకరు. నా "కాళ్లకి, చేతులకి" సిద్ధాంతం దీన్నిబట్టి నిజమే కదా అని ఒకసారి అన్నాను. ఈసారి ఊరుకోలేదు. మా అమ్మ కూడా వాళ్లతో కలిసింది.

ఆ వారంలోనే ఇద్దరూ దరఖాస్తులు నింపారు. మా అమ్మాయి నిమ్స్ ఎంట్రన్సుకి, తిరుపతి స్విమ్స్‌కి. శాఖ దగ్గర న్యూరో అని రాసింది. నేను ఆర్థో అని మూడోసారి ఎత్తుకోబోతే పెన్ను కింద పెట్టి, "ఆర్థో తీసుకుంటే రోజూ నీలాంటివాళ్లే వస్తారు నాన్నా. బామ్మలాంటి పేషెంట్లుండే శాఖ కావాలి నాకు" అంది. నేను వెంటనే రెండో ఫైలు వైపు తిరిగాను. తోడల్లుడి కూతురు ఎంఓటీలో పిల్లల విభాగం రాస్తోంది. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలతో పని. అది కష్టం కదమ్మా, పెద్దవాళ్ల విభాగం తీసుకోరాదూ అన్నాను. "పిల్లలు అబద్ధం టిక్కులు పెట్టరు పెదనాన్నా" అంది, తలెత్తకుండా.

మా ఇంటి రెండు పీజీ నిర్ణయాల్లో నా పాత్ర ఇంతే. నన్ను చూశాక ఇద్దరికీ పెద్దవాళ్ల భుజాల మీద ఆశ చచ్చిపోయింది. ఇలాంటి సేవ డబ్బిచ్చినా ఏ కన్సల్టెన్సీలోనూ దొరకదు కనుక ఉచితంగా ప్రకటిస్తున్నాను. మీ ఇంట్లో ఎంపీటీ ఆర్థో చేస్తానని పట్టుబట్టే పిల్లో పిల్లాడో ఉంటే, ఫీజు కట్టే ముందు ఒక వారం మా ఇంటికి పంపండి. నా జబ్బ అప్పగిస్తాను. వారం తర్వాత కూడా ఆర్థోయే అంటే ఆ సీటు వాళ్లదే, నిశ్చింతగా కట్టండి. పొద్దున పదింటి తర్వాత పంపండి. అంతకుముందు గోడ దగ్గర ఉంటాను, ఈ మధ్య మా అమ్మ కుర్చీ వేసుకుని నా మడమల వంకే చూస్తూ కూర్చుంటోంది.